వంటింటి గట్టుకు ఏ పదార్థం మేలు? – ఒక రసాయనిక పరిశీలన

ప్రవాస జీవితంలో స్వంత ఇల్లు ఏర్పరచుకోవడం ఒక ఘట్టమైతే, ఆ ఇంటి వంటగదిని మన అవసరాలకు అనుగుణంగా దిద్దుకోవడం మరొక ఘట్టం. అమెరికాలో వంటగదిని మార్పించాలనుకోగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న, కౌంటర్‌టాప్ ఏ పదార్థంతో వేయించాలన్నది. మన ఊళ్ళలో దీన్నే గట్టు అనీ, అరుగు అనీ, ప్లాట్‌ఫారం అనీ అంటాం. ఒకసారి వేయించిన గట్టును ఏళ్ళ తరబడి మార్చం. అయినా దాని ఎంపిక మాత్రం తరచుగా అరగంటలో ముగిసిపోతుంది. అంగడిలో దీపాల వెలుగున మెరిసే పలకలను చూసి, రంగు నచ్చినదానికి బయానా ఇచ్చి వస్తాం.

రంగుకు ప్రాధాన్యం లేదని కాదు. కాని అంగళ్ళలో ఇచ్చే కరపత్రాలు సాధారణంగా కాఫీ, ద్రాక్షసారా, టమాటో సాస్ వంటి మరకలను దృష్టిలో ఉంచుకొని వ్రాసినవి. చింతపండు పులుసు, పసుపు కలిసిన నూనె, ఆవకాయ ఊట, పొయ్యి మీదినుంచి దింపిన వేడి మూకుడు, ప్రెషర్ కుక్కర్ – ఇవి మన వంటింట్లో నిత్యకృత్యాలు. కాబట్టి గట్టును మన వంటతోనే పరీక్షించి చూడాలి. అందుకు ప్రయోగశాల అవసరం లేదు. కొంత ప్రాథమిక రసాయన శాస్త్రం, ఒక నిమ్మకాయ, ఒక గాజుముక్క చాలు. ఆ విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. చివర, అంగడిలో ఎవరూ ప్రస్తావించని ఒక ముఖ్య విషయాన్ని కూడా పాఠకుల దృష్టికి తీసుకువస్తాను.

గట్టుకు నలుగురు శత్రువులు

మొదటి శత్రువు పులుపు. చింతపండులో ప్రధానంగా ఉండేది టార్టారిక్ ఆమ్లం. నిమ్మరసంలో ఉండేది సిట్రిక్ ఆమ్లం. పెరుగులో లాక్టిక్ ఆమ్లం. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ మానంలో స్వచ్ఛమైన నీటి విలువ 7. ఈ సంఖ్య తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పదిరెట్లు పెరిగినట్లు లెక్క. నిమ్మరసం పీహెచ్ 2కూ 2.5కూ మధ్య ఉంటుంది, చిక్కని చింతపండు గుజ్జుది 3 ప్రాంతంలో ఉంటుంది, పెరుగుది 4.5 ప్రాంతంలో ఉంటుంది. అంటే నిమ్మరసం ముందు పెరుగు చాలా సాధువన్నమాట.

రెండవ శత్రువు రంగు. పసుపుకు రంగునిచ్చే పదార్థం కుర్కుమిన్. ఇది నీటిలో దాదాపుగా కరగదు. నూనెలో సులభంగా కరుగుతుంది. అందువల్ల పసుపు ఒక్కటే పడినప్పటికంటె, పసుపు కలిసిన పోపు నూనె ఒలికినప్పుడు మరక లోతుగా దిగుతుంది. పసుపన్నం తిన్న ప్లాస్టిక్ డబ్బా ఎంత తోమినా పచ్చగానే మిగిలిపోవడం మనకందరికీ అనుభవమే. నూనెలో కరిగిన కుర్కుమిన్ ప్లాస్టిక్ అణుగొలుసుల మధ్యకు చొరబడడమే దీనికి కారణం. కుర్కుమిన్‌కు మరొక గుణం ఉంది. క్షారం తగిలితే అది ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి తయారయ్యేది ఇందువల్లనే. తెల్లబట్ట మీది పసుపు మరక సబ్బు పెట్టగానే ఎర్రబడి మనల్ని కంగారు పెట్టేదీ ఇందువల్లనే. ఇక మూడవ గుణం మనకు అనుకూలమైనది. సూర్యకాంతిలో కుర్కుమిన్ అణువు విచ్ఛిన్నమై రంగు కోల్పోతుంది. మరకపడిన బట్టను ఎండలో ఆరవేసే అలవాటులో ఉన్న శాస్త్రం ఇదే.

మూడవ శత్రువు వేడి. నీళ్ళు మరిగేది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద, అనగా 212 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద. ప్రెషర్ కుక్కర్ లోపల ఉష్ణోగ్రత 120 డిగ్రీల వరకు పోతుంది. గారెలు వేయించే నూనె వేడి సుమారు 180 డిగ్రీలు, అనగా 350 డిగ్రీల ఫారన్‌హీట్. ఖాళీగా కాగిన ఇనుపపెనం వేడి ఇంతకంటె ఎక్కువ. ఈ అంకెలను గుర్తుంచుకుంటే, ఏ పదార్థం మీద ఏ గిన్నె దించవచ్చో ముందుముందు సులభంగా తెలుస్తుంది.

నాలుగవ శత్రువు రాపిడి. ఖనిజాల కాఠిన్యాన్ని పోల్చడానికి జర్మన్ ఖనిజశాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ మోస్ 1812లో ఒక కొలమానాన్ని రూపొందించాడు. అందులో మెత్తనైన టాల్క్‌కు 1, వజ్రానికి 10. పాలరాతిలోని కాల్సైట్‌కు 3, ఫెల్డ్‌స్పార్‌కు 6, పలుగురాయికి, అనగా క్వార్ట్జ్‌కు 7. సాధారణమైన గాజు, కత్తి ఉక్కు 5.5కు అటూ ఇటూగా ఉంటాయి. హెచ్చు అంకె గలది తక్కువ అంకె గలదాన్ని గీస్తుంది. ఇంట్లోకి వచ్చే దుమ్ములోనూ ఇసుకలోనూ పలుగురాతి రేణువులు ఉంటాయి. కాబట్టి మెత్తని రాయి మీద గిన్నెను అటూ ఇటూ జరిపినా కాలక్రమాన నునుపు పోతుంది.

సున్నపు జాతి రాళ్ళు: పాలరాయి, నాపరాయి

పాలరాయి రసాయనికంగా కాల్షియం కార్బొనేట్. మన ఇళ్ళలో ఒకప్పుడు విరివిగా వాడిన కడప నాపరాయి కూడ సున్నపురాతి జాతిదే. కాల్షియం కార్బొనేట్‌కు ఆమ్లం తగిలితే అది కాల్షియం లవణంగా మారి, కార్బన్ డయాక్సైడ్ వాయువును విడుస్తుంది. ఈ చర్య కొద్దిపాటి నిమ్మరసంతోనే, నిమిషాలలో మొదలవుతుంది. ఫలితంగా మెరుగు పెట్టిన ఉపరితలంలో ఒక పలుచని పొర తినివేయబడి, అక్కడ కాంతి చెదరిపోయి, వెలిసినట్లు కనిపిస్తుంది. ఊరిలో నాపరాతి గట్టు మీద నిమ్మకాయ కోసిన చోట, చింతపండు గిన్నె పెట్టిన చోట తెల్లని గుండ్రని మచ్చలు చూసినవారికి ఇది కొత్త కాదు.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. మరక వేరు, ఈ మచ్చ వేరు. మరక అంటే బయటి రంగు రాతిలోకి దిగడం. దాన్ని బయటికి లాగవచ్చు. ఈ మచ్చ మాత్రం రాయే కొంత పోవడం. పోయినదాన్ని సబ్బుతో తిరిగి తేలేము, మళ్ళీ మెరుగు పెట్టించవలసిందే. రాతికి పూసే సీలర్ మరకను ఆలస్యం చేస్తుందే తప్ప ఆమ్లచర్యను ఆపలేదు. అందుచేత, పాలరాయి ఎంత అందమైనదైనా, వారంలో ఐదురోజులు పులుసో చారో కాచే ఇంటికి తగిన గట్టు కాదు. పూజగదికో, స్నానాలగదిలో ఒక మూలకో అది చక్కగా ఉంటుంది.

సిలికేట్ జాతి: గ్రానైట్

గ్రానైట్‌లో ప్రధానంగా ఉండేవి పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, కొద్దిగా అభ్రకం. ఇవన్నీ సిలికాన్, ఆక్సిజన్ అణువుల పటిష్ఠమైన బంధాలతో కట్టుబడిన ఖనిజాలు. వంటింటి ఆమ్లాలకు వీటిని కరిగించే శక్తి లేదు. దీనికి నిదర్శనం మన ఇళ్ళలోనే ఉంది. నల్లరాతి రోటిలో తరతరాలుగా చింతకాయ పచ్చడి నూరుతూనే ఉన్నారు. రోలు అరిగిందంటే అది పొత్రం రాపిడివల్లనే గాని, పులుపువల్ల కాదు. సిలికేట్లను సులభంగా తినివేసేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. కొన్ని తుప్పు వదిలించే ద్రావకాలలో ఈ ఆమ్లంగాని, దీని లవణాలుగాని ఉంటాయి. అటువంటివాటిని గ్రానైట్ దగ్గరికి రానీయకూడదు. నిజానికి ఇంట్లోకే రానీయకపోవడం మంచిది.

వేడి విషయంలో కూడ గ్రానైట్‌కు భయం తక్కువ. పలుగురాయి స్ఫటిక నిర్మాణం మారేది 573 డిగ్రీల సెల్సియస్ వద్ద. వంటింటి గిన్నె ఏదీ అంతవరకు పోదు. అయినా చల్లని రాతిమీద ఒకేచోట ఎర్రగా కాగిన పెనం పెడితే, ఆ భాగం మాత్రమే వ్యాకోచించి, సన్నని పగులు రావడానికి అవకాశం ఉంది. ముఖ్యంగా సింకు చుట్టూ, పొయ్యి చుట్టూ రాయి సన్నగా మిగిలే చోట్ల జాగ్రత్త అవసరం. ఒక చుట్టకుదురు వేసుకుంటే ఆ చింత కూడ ఉండదు.

గ్రానైట్ బలహీనత దాని సూక్ష్మరంధ్రాలు. మంచి గ్రానైట్ తన బరువులో 0.4 శాతానికి మించి నీటిని పీల్చదు. అయినా లేతరంగు రాతిలో పసుపునూనె మరక కనిపించడానికి ఆ కొద్దిపాటి రంధ్రాలే చాలు. అందుకే సీలర్ పూస్తారు. సీలర్ అవసరమో కాదో తెలుసుకోవడం చాలా సులభం. గట్టు మీద కొన్ని నీటి చుక్కలు వేసి, పావుగంట తరువాత తుడిచి చూడండి. రాయి ముదురురంగుకు తిరిగితే సీలర్ పూయించాలి; తిరగకపోతే అక్కరలేదు.

అమెరికాలోని అంగళ్ళలో ‘బ్లాక్ గెలాక్సీ’ పేరుతో అమ్మే నల్లరాయి మన ప్రకాశం జిల్లా చీమకుర్తి గనులదని చాలామందికి తెలియదు. ఆ నలుపులో నక్షత్రాలవలె మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు రేకులు. వ్యాపారులు దీన్ని గ్రానైట్ అన్నా, భూగర్భశాస్త్రవేత్తల వర్గీకరణలో ఇది గాబ్రో జాతికి చెందినది. ఇందులో పలుగురాయి చాలా తక్కువ. దట్టమైన రాయి కావడంచేతా, నల్లరంగువల్లా మరకలు కనిపించవు. మన వంటకు ఇది చక్కగా సరిపోతుంది. అయితే నాసిరకం నల్లరాళ్ళకు రంగు పట్టించి అమ్మడం కూడ ఉంది. తెల్లని గుడ్డను అసిటోన్‌తో, అంటే గోళ్ళరంగు తుడిచే ద్రావకంతో తడిపి రుద్దితే, రంగు పట్టించిన రాయి గుడ్డను నల్లబరుస్తుంది.

గ్రానైట్ నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వస్తుందని కొందరు భయపడుతుంటారు. గ్రానైట్‌లో లేశమాత్రంగా యురేనియం ఉండడం, దానినుంచి రేడాన్ పుట్టడం నిజమే. కాని ఇంట్లోని రేడాన్‌కు ప్రధాన కారణం గట్టు కాదు, ఇంటి కింది నేల. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లీటరు గాలికి 4 పికోక్యూరీల స్థాయికి చేరితే ఇంటికి తగిన మరమ్మతు చేయించుకొమ్మని సూచిస్తుంది. కాబట్టి గట్టును అనుమానించడంకంటె, ఇంటిని పరీక్ష చేయించుకోవడం తెలివైన పని.

క్వార్ట్జ్, క్వార్ట్‌జైట్: పేర్ల తికమక

అంగడిలో ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. క్వార్ట్‌జైట్ ప్రకృతిసిద్ధమైన రాయి. ఇసుకరాయి భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ గురై గట్టిపడినది. నిజమైన క్వార్ట్‌జైట్ గ్రానైట్‌కంటె కఠినం. పులుపుకూ వేడికీ తట్టుకుంటుంది. అయితే ఈ పేరుతో పాలరాతి జాతి రాళ్ళను అమ్మడం కూడ కద్దు. గాజుముక్కను గీసి చూస్తే నిజం తేలుతుంది. క్వార్ట్‌జైట్ గాజును గీస్తుంది, పాలరాయి గీయలేదు.

ఇక ‘క్వార్ట్జ్’ పేరుతో అమ్మేది మనుషులు తయారుచేసిన పలక. పలుగురాతి పొడిని, రంగులను పాలియెస్టర్ రెజిన్‌తో కలిపి, గాలి తీసివేసి, అదిమి గట్టిపరుస్తారు. బరువునుబట్టి చూస్తే ఇందులో దాదాపు 90 శాతం పలుగురాయి, మిగిలినది రెజిన్. రంధ్రాలు దాదాపుగా లేనందున సీలర్ అవసరం లేదు. పులుపు ఏమీ చేయలేదు. పలకలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఇన్ని సుగుణాలున్నందువల్లనే దీనికి ఇంత ఆదరణ.

కాని రెజిన్ ఒక ప్లాస్టిక్ అని మరవకూడదు. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటిన గిన్నెను దానిమీద దించితే రెజిన్ పచ్చబడవచ్చు, లేదా కాలి మచ్చపడవచ్చు. ఆ మచ్చ పోదు. గారెల మూకుడు వేడి 180 డిగ్రీలని ముందే చెప్పుకున్నాం. తెల్లని క్వార్ట్జ్ మీద పసుపునూనెను రాత్రంతా వదిలేస్తే రెజిన్ కొంత రంగును పీల్చుకోవచ్చు. ఎండ తీవ్రంగా పడేచోట రెజిన్ రంగు మారుతుంది కాబట్టి ఆరుబయలు వంటకు ఇది పనికిరాదు.

మిగిలిన పదార్థాలు

కోరియన్ వంటి ‘సాలిడ్ సర్‌ఫేస్’ పలకలు అక్రిలిక్ ప్లాస్టిక్‌లో అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొడి కలిపి చేసినవి. అతుకులు కనిపించవు. గీతలు పడితే నున్నగా రుద్ది పోగొట్టుకోవచ్చు. కాని ఈ ప్లాస్టిక్ 105 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే మెత్తబడడం మొదలుపెడుతుంది. పొయ్యి మీదినుంచి దింపిన ప్రెషర్ కుక్కర్‌ను సైతం దీనిమీద నేరుగా పెట్టకూడదు.

లామినేట్ పలకల కథ ఆసక్తికరమైనది. విద్యుత్ పరికరాలలో అభ్రకం వాడేవారు. దానికి బదులుగా వాడే పదార్థం కోసం అమెరికాలో డేనియల్ ఓకానర్, హెర్బర్ట్ ఫేబర్ అనే ఇంజనీర్లు చేసిన కృషినుండి ఇది పుట్టింది. ఇంగ్లీషులో ‘అభ్రకానికి బదులు’ అనే అర్థం వచ్చే మాటలనుండే ఫార్మైకా అనే పేరు వచ్చింది. 1913లో వారి కంపెనీ ప్రారంభమైంది. కాకిబంగారం గనులకు పేరొందిన గూడూరు ప్రాంతంవారికి ఈ సంగతి మరింత రుచిస్తుంది. ఫినాలిక్ రెజిన్‌లో తడిపిన కాగితపు పొరలమీద మెలమైన్ పొరను అతికి దీన్ని చేస్తారు. చవక, తేలిక, పులుపుకు తట్టుకుంటుంది. వేడి మూకుడుకు పొక్కిపోతుంది. అతుకుల్లోకి నీరు దిగితే లోపలి చెక్కపొడి బల్ల ఉబ్బుతుంది. కొద్దికాలమే ఉండబోయే ఇంటికి ఇది చాలు. అందులో చిన్నతనమేమీ లేదు.

స్టెయిన్‌లెస్ స్టీలు మనకు చిరపరిచితం. ఇందులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనిపించని అతి పలుచని రక్షణ పొరను ఏర్పరుస్తుంది. గీత పడినా ఆ పొర తనంతట తానే తిరిగి ఏర్పడుతుంది. హోటళ్ళలో స్టీలు బల్లలు వాడేది ఇందుకే. పులుపు, వేడి, పసుపు – మూడింటికీ తట్టుకుంటుంది. ఉప్పులోని క్లోరైడ్ ఒక్కటే దానికి గిట్టదు. ఆవకాయ ఊటనుగాని, బ్లీచునుగాని రోజులతరబడి నిలవ ఉంచితే సూదిమొన వంటి గుంటలు పడతాయి. గీతలు కనబడతాయి, గిన్నె పెడితే చప్పుడవుతుంది, అంతే.

బలపపు రాతిని కూడ తలచుకోవాలి. పులుసు కాచే రాచ్చిప్ప ఈ రాతితో చేసినదే. ఆమ్లానికీ, వేడికీ చలించదు. అందుకే అమెరికాలో పాత రసాయన ప్రయోగశాలల బల్లలకు ఈ రాతినే వాడేవారు. మెత్తనిది కావడంవల్ల గీతలు పడతాయి; వాటిని రుద్దుకొని నూనె రాసుకుంటే సరిపోతుంది. ఇక సుమారు 1200 డిగ్రీల వద్ద కాల్చి చేసే పోర్సిలిన్ పలకలలో రెజిన్ ఉండదు కాబట్టి వేడికి, పులుపుకు, పసుపుకు భయం లేదు. అంచుల వద్ద దెబ్బ తగిలితే మాత్రం పెచ్చు ఊడుతుంది.

రాయి కోసేవారి ఊపిరి

ఇంతవరకు గట్టు మనకెలా పనికివస్తుందో చూశాం. ఆ గట్టును కోసి, సింకుకు రంధ్రం తొలిచి, అంచులు నునుపు చేసేవారి సంగతి కూడ చూడాలి.

పలుగురాయి పలకగా ఉన్నంతవరకు ఎవరికీ హాని చేయదు. మీ ఇంట్లో ఇప్పటికే క్వార్ట్జ్ గట్టు ఉంటే దానివల్ల మీకుగాని, పిల్లలకుగాని ఏ ప్రమాదమూ లేదు. కాని దాన్ని పొడిగా కోసినప్పుడు లేచే అతి సూక్ష్మమైన సిలికా ధూళి ఊపిరితిత్తుల చివరి గాలిగదులవరకు పోతుంది. శరీరంలోని రక్షణ కణాలు ఆ రేణువులను మింగుతాయి గాని జీర్ణం చేసుకోలేక తామే నశిస్తాయి. ఆ స్థలంలో గట్టి మచ్చలు ఏర్పడి, ఊపిరితిత్తులు క్రమంగా సాగే గుణాన్ని కోల్పోతాయి. దీనినే సిలికోసిస్ అంటారు. దీన్ని నయంచేసే మందు లేదు. ముదిరినవారికి ఊపిరితిత్తుల మార్పిడి ఒక్కటే మార్గం.

రాళ్ళు కొట్టేవారికి ఈ వ్యాధి రావడం పూర్వంనుంచీ ఉన్నదే. అయితే గ్రానైట్‌లో పలుగురాయి సాధారణంగా సగానికి తక్కువగా ఉంటే, తయారుచేసిన క్వార్ట్జ్ పలకలో దాదాపు 90 శాతం ఉంటుంది. అందుచేత వ్యాధి త్వరగా, చిన్నవయసులోనే వస్తున్నది. కాలిఫోర్నియాలో ఈ పలకలు కోసి సిలికోసిస్ బారినపడిన 52 మంది గురించి 2023లో ఒక వైద్య పత్రికలో అధ్యయనం ప్రచురితమైంది. వారి వయసుల మధ్యగత విలువ 45 సంవత్సరాలు. అప్పటికే వారిలో 10 మంది మరణించారు. 52 మందిలో 51 మంది లాటిన్ అమెరికా దేశాలనుంచి వలస వచ్చినవారు. మనలాగే బ్రతుకుతెరువు వెతుక్కుంటూ ఈ దేశానికి వచ్చినవారు. మనకు విశ్వవిద్యాలయాల తలుపులు తెరుచుకున్నాయి. వారికి రాతి కోత అంగళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. తేడా అంతే.

అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2016లో చేసిన నిబంధన ప్రకారం, ఎనిమిది గంటల పనిలో ఘనమీటరు గాలికి సగటున 50 మైక్రోగ్రాములకు మించి ఈ సిలికా ధూళి ఉండకూడదు. కాలిఫోర్నియా రాష్ట్రం 2023 డిసెంబరులో అత్యవసర నిబంధనలు తెచ్చింది. ఆస్ట్రేలియా ఇంకా ముందుకుపోయి, 2024 జూలై 1నుంచి ఈ పలకల తయారీని, సరఫరాను, కోతను, అమరికను నిషేధించింది. ఈ నేపథ్యంలో కొందరు తయారీదారులు సిలికా తగ్గించిన పలకలను అమ్మకానికి తెచ్చారు.

మనం చేయగలిగినది ఏమిటి? పని ఇచ్చేముందు మూడు ప్రశ్నలు అడగవచ్చు. రాయిని నీళ్ళు పోస్తూ కోస్తారా, పొడిగా కోస్తారా? పనివారికి ధూళి పీల్చే యంత్రాలు, తగిన ముఖకవచాలు ఉన్నాయా? సింకు రంధ్రాలు, అంచులు అంగడిలోనే పూర్తిచేసుకొని వస్తారా, లేక మన ఇంటిముందు కోస్తారా? సరైన జవాబులు చెప్పలేనివారికి, ఎంత చవకగా చేస్తామన్నా, పని ఇవ్వవద్దని నా మనవి. ఆ చవకకు మూల్యం మరొకరి ఊపిరి. ఇంట్లో రాయి కోయడం తప్పనిసరైతే నీళ్ళు పోస్తూనే కోయమనండి. పిల్లలను ఆ చుట్టుపక్కలకు పోనీయకండి.

కొనేముందు ఇంటి పరీక్ష

అంగడివారు నమూనా ముక్కలు ఇస్తారు. వాటిని ఇంటికి తెచ్చి ఈ క్రింది పరీక్షలు చేయండి.

1. నిమ్మరసం చుక్కలు వేసి అరగంట ఉంచి కడగండి. మెరుపు తగ్గితే అది సున్నపు జాతి రాయి.

2. వేడినూనెలో పసుపు కలిపి, చల్లారిన తరువాత ఒక చుక్కవేసి రాత్రంతా ఉంచండి. ఉదయం సబ్బునీటితో తుడిచి, మిగిలిన రంగు చూడండి.

3. చిక్కని చింతపండు పులుసులో ఉప్పు కలిపి అదే విధంగా పరీక్షించండి.

4. ముక్క అంచుతో పాత గాజుసీసాను గీయండి. గీత పడితే గట్టిరాయి.

ముక్కను పొయ్యిమీద కాల్చి చూడవద్దు. రెజిన్ ఉన్న ముక్కనుంచి హానికరమైన పొగ వస్తుంది. రాయి పగిలి ఎగిరిపడవచ్చు కూడ.

శుభ్రపరచుకునే విధానం

రోజూ తుడవడానికి గిన్నెలు తోమే ద్రవసబ్బు కొద్దిగా కలిపిన గోరువెచ్చని నీరు చాలు. పాలరాతికి వెనిగర్ వాడకూడదు. కారణం ఇంతకుముందే చెప్పుకున్నాం. గ్రానైట్‌లోకి నూనెమరక దిగితే, తినే సోడాను నీటితో ముద్దచేసి మరకమీద దట్టంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, ఒక రోజు ఉంచి తీయండి. ఆరుతున్న ముద్ద నూనెను పైకి పీల్చుకుంటుంది. పసుపుమరకైతే నీటికి బదులు మందుల అంగడిలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలపండి. సోడా క్షారం కాబట్టి పసుపు మొదట ఎర్రబడవచ్చు, కంగారుపడనక్కరలేదు. నల్లరాళ్ళమీద ముందుగా కనిపించని మూల ఒకచోట పరీక్షించుకోండి. ఏ సందర్భంలోను బ్లీచును వెనిగర్‌తోగాని, అమ్మోనియా ఉన్న ద్రావకంతోగాని కలపవద్దు. మొదటిదానివల్ల క్లోరిన్, రెండవదానివల్ల క్లోరమీన్ వాయువులు పుడతాయి, రెండూ ప్రాణాపాయకరమైనవే.

ఎవరికి ఏది?

పొయ్యి అస్తమానం వెలిగే ఇంటికి, పెద్దవాళ్ళు, పిల్లలు అందరూ వంటింట్లో మసలే కుటుంబానికి, ముదురురంగు గ్రానైట్ మొదటి ఎంపిక అని నా అభిప్రాయం. వేడికి, పులుపుకు, గీతలకు తట్టుకొని, మరకలను దాచుకొని, తక్కువ సిలికాతో దొరికే చీమకుర్తి నల్లరాయి ఈ కోవలో శ్రేష్ఠమైనది. తెల్లరంగే కావాలనుకునేవారు పోర్సిలిన్‌నుగాని, పరీక్షించి చూసిన నిజమైన క్వార్ట్‌జైట్‌నుగాని ఆలోచించవచ్చు. అయితే క్వార్ట్‌జైట్ దాదాపు అంతా పలుగురాయే, పోర్సిలిన్‌లోనూ కొంత ఉంటుంది కాబట్టి కోతలో అదే జాగ్రత్త వీటికీ అవసరం. క్వార్ట్జ్ పలక వేయించుకొనేవారు పొయ్యి పక్కన చుట్టకుదురు తప్పనిసరిగా ఉంచుకోవాలి. సిలికా తక్కువైన రకాన్ని అడగాలి. త్వరలో ఇల్లు మారబోయేవారికి లామినేట్ చాలు. గట్టంతా ఒకే పదార్థం కావాలన్న నియమం కూడ లేదు. పొయ్యి పక్కన రెండడుగుల మేర స్టీలో, గ్రానైటో వేయించుకొని, మిగిలినచోట మనసుకు నచ్చినది వేయించుకోవచ్చు.

గట్టు ఎంపికలో రంగు చూసేది కన్ను. ఆమ్లాన్ని, నూనెను, వేడిని భరించేది మాత్రం పదార్థం. దాన్ని కోసి ఇచ్చేది ఒక మనిషి. ఈ మూడింటినీ దృష్టిలో ఉంచుకొని నిర్ణయం తీసుకుంటే, ఆ గట్టుమీద వండిన వంట మనకూ, మన అతిథులకూ తృప్తినిస్తుంది.